మొదటి మందు ఎక్కకముందే గుండె లెక్క రాసి ఉంచాలి

"క్యాన్సర్ తగ్గిందని పెద్దాసుపత్రివాళ్ళే చెప్పారు కదండీ, ఇప్పుడు గుండె పరీక్ష ఎందుకు?" మా ఓపీలో ఈ ప్రశ్న తరచుగా వింటుంటాము. అడిగేవారి తప్పేమీ లేదు. విశాఖపట్నం వెళ్ళి నెలల తరబడి మందు ఎక్కించుకొని, ఊడిన జుట్టు మళ్ళీ మొలిచి, సంఘంలో సాక్ష్యం చెప్పి, కృతజ్ఞతార్పణ ఇచ్చి, తిరిగి ఇంటిపనిలో పడిన తల్లికి ఏడాది తిరక్కుండా ఆయాసం మొదలైతే, అది ఆ చికిత్సతో ముడిపడి ఉండవచ్చని ఎవరికి తోస్తుంది? దగ్గు మందు తాగుతారు. పలాస వైపు వారైతే జీడి పొగ పడలేదనుకుంటారు. ఉద్దానం వారైతే కిడ్నీ అనుకుంటారు. కొందరు ఉబ్బసమని ఇన్‌హేలరు పీలుస్తారు. గుండె మాట అందరికంటే చివర వస్తుంది.

ఆ మాట ఈ సంచికలో ముందుగా చెప్పదలిచాము. క్యాన్సర్‌ను తగ్గించే మందుల్లో కొన్ని గుండె కండరాన్ని దెబ్బతీయగలవు. ఆ దెబ్బను ఆయాసం రాకముందే పసిగట్టడానికి రక్త పరీక్షలు ఉన్నాయి. అయితే అవి మన ప్రాంతంలో నిజంగా ఉపయోగపడాలంటే, మొదటి పరీక్ష చికిత్స మొదలుకాకముందే జరిగి, ఆ కాగితం రోగి చేతిలో ఉండాలి. మా అభిప్రాయమంతా ఈ ఒక్క మాట మీదే.

ఇది చదివి భయపడి ఎవరూ క్యాన్సర్ మందు మానవద్దు. ఆ మందు వలన గుండె దెబ్బతినేవారు కొందరే. మందు మానితే క్యాన్సర్ ఎవరినీ విడిచిపెట్టదు. గుండెను కనిపెట్టుకొని ఉంటూ చికిత్స పూర్తి చేసుకోవాలన్నదే మేము చెప్పేది.

ఏ మందుల గురించి ఈ జాగ్రత్త? మొదటిది డాక్సోరూబిసిన్. అడ్రియామైసిన్ అనే పాత పేరు కూడా వాడుకలో ఉంది. చూడటానికి ఎర్రగా ఉంటుంది గనుక చాలామంది ఎర్ర మందు అనే అంటారు. ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగే, రక్తం కాదు, కంగారు పడనక్కరలేదు. మట్టిలో పెరిగే ఒక సూక్ష్మజీవి నుండి 1960లలో ఇటలీలో దీనిని తీశారు. రొమ్ము క్యాన్సర్‌కు, లింఫోమాకు, ఎముక క్యాన్సర్‌కు, పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్‌కు నేటికీ ఇది గొప్ప మందు. ఎపిరూబిసిన్, డానోరూబిసిన్ దీని తోబుట్టువులు.

ఈ మందు శరీరంలో ఎంత చేరిందన్న మొత్తం లెక్కను బట్టి గుండెకు ముప్పు పెరుగుతుంది. శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 400 మిల్లీగ్రాములు చేరేసరికి 100 మందిలో సుమారు 5 గురికి, 550 చేరేసరికి సుమారు 26 మందికి గుండె బలహీనపడుతుందని 2003లో ప్రచురించిన ఒక అధ్యయనం లెక్కకట్టింది. రొమ్ము క్యాన్సర్‌కు సాధారణంగా ఇచ్చే నాలుగు విడతలకు మొత్తం 240 దగ్గర ఆగుతుంది. కాబట్టి ఎక్కువమందికి ఏమీ కాదు. కానీ గుండెకు ముందే ఏదో లోటు ఉన్నవారికి తక్కువ మోతాదు కూడా ఎక్కువే కావచ్చు.

రెండవది ట్రాస్టుజుమాబ్. రొమ్ము క్యాన్సర్‌లో హెర్-2 పాజిటివ్ అని తేలినవారికి ఇస్తారు, సాధారణంగా ఒక సంవత్సరంపాటు. ఒకప్పుడు దీని ఖరీదు వినే చాలా కుటుంబాలు వెనుదిరిగేవి. 2014 నుండి మన దేశంలో తయారైన రకాలు రావడంతో ఇప్పుడు మన జిల్లాలవారికీ అందుతోంది. ఎర్ర మందుతో కలిపి ఒకేసారి ఇచ్చినప్పుడు 27 శాతం మందిలో గుండె పనితీరు తగ్గినట్లు 2001లో వెలువడిన మొదటి పెద్ద పరిశోధనలో తేలింది. అందుకే ఇప్పుడు రెండూ కలిపి ఇవ్వరు, ఒకటి ముగిశాక రెండవది మొదలుపెడతారు. ట్రాస్టుజుమాబ్ వలన తగ్గిన గుండె బలం మందు కొంతకాలం ఆపితే చాలావరకు తిరిగి వస్తుంది. ఎర్ర మందు చేసిన దెబ్బ అలా తనంతట తాను మానదు. ఎడమవైపు ఛాతీకి కరెంటు పెట్టించుకున్నవారికి, అంటే రేడియేషన్ తీసుకున్నవారికి కూడా గుండె విషయంలో జాగ్రత్త అవసరం.

ఇక్కడ మన తెలుగువాడొకరిని తలచుకోకుండా ముందుకు వెళ్ళలేము. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్ళి, 1927లో ఫిస్కే అనే ఆయనతో కలిసి, కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. తరువాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు చికిత్స చేసి, 10 మందికి తాత్కాలికంగా నయమైనట్లు 1948లో ప్రకటించారు. క్యాన్సర్‌కు మందుతో వైద్యం అనే మాటకు పునాది అక్కడ పడింది. దాని తోబుట్టువే నేటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్. గుండెపోటు అనుమానం వస్తే పూర్వం లాబుల్లో చేసిన సీపీకే పరీక్ష మీలో పెద్దవారికి గుర్తుండవచ్చు. ఆ పరీక్ష కొలిచే ఎంజైము సుబ్బారావు గారు కనుగొన్న ఆ ఫాస్ఫోక్రియాటిన్ మీద పనిచేసేదే. కండరం గుట్టు, క్యాన్సర్ మందు రెండూ ఒకే మనిషి చేతిమీదుగా వచ్చాయి. ఆయన మాత్రం 53 ఏళ్ళకే, ఆ 1948 ఆగస్టులోనే, గుండెపోటుతో కన్నుమూశారు.

ఇప్పుడు సీపీకే స్థానంలో ట్రోపోనిన్ వచ్చింది. ట్రోపోనిన్ గుండె కండరంలోని దారాల్లో ఉండే ఒక మాంసకృత్తు. కండరం ఆరోగ్యంగా ఉన్నంతవరకు లోపలే ఉంటుంది. కణాలకు దెబ్బ తగిలితే కారి రక్తంలోకి వస్తుంది. రెండవ పరీక్ష బీఎన్‌పీ, లేదా దానితోపాటు పుట్టే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. గుండె మీద భారం పడి గోడలు సాగినప్పుడు గుండే దీనిని విడుదల చేస్తుంది. 1988లో జపాన్ శాస్త్రజ్ఞులు దీనిని మొదట పంది మెదడులో కనుగొన్నారు గనుక పేరులో మెదడు చేరింది. పాపం, పని గుండెది, పేరు మెదడుది. సులువుగా చెప్పాలంటే ట్రోపోనిన్ గాయం తగిలిందని చెబుతుంది, బీఎన్‌పీ బరువు మోయలేకపోతున్నానని చెబుతుంది.

ఎకో తీస్తున్నారు కదా, రక్త పరీక్ష దేనికి అని అడగవచ్చు. ఎకో తప్పకుండా కావాలి, దాని స్థానంలో రక్త పరీక్ష రాదు. కానీ ఎకోలో ఈఎఫ్ అనే అంకె తగ్గేసరికి కండరం అప్పటికే చాలా కోల్పోయి ఉంటుంది. పైగా ఒకే మనిషికి ఇద్దరు వేర్వేరు చోట్ల ఎకో తీస్తే ఈఎఫ్ 5 నుండి 10 వరకు తేడా రావడం మామూలే. ఎకోకు యంత్రం, చూడటం వచ్చిన డాక్టరు, రానుపోను ప్రయాణం కావాలి. రక్తం తీయడానికి మన ఊరి లాబు చాలు.

ఈ రక్త పరీక్షలకు ఎక్కువ పేరు తెచ్చినవారు ఇటలీలోని మిలాన్ నగరపు క్యాన్సర్ సంస్థ డాక్టర్లు, కార్డినేల్ అనే వైద్యురాలి బృందం. పెద్ద మోతాదులో క్యాన్సర్ మందు తీసుకున్న 703 మందిని చూసి 2004లో ప్రచురించారు. మందు ఎక్కిన వెంటనే గానీ, నెల తరువాత గానీ ట్రోపోనిన్ పెరగనివారిలో గుండె సమస్య వచ్చింది సుమారు 1 శాతానికే. రెండుసార్లూ పెరిగి ఉన్నవారిలో అత్యధికులకు వచ్చింది. 2006లో, ట్రోపోనిన్ పెరిగిన 114 మందిలో కొందరికి ఎనలాప్రిల్ అనే బీపీ మాత్ర మొదలుపెట్టారు, కొందరికి పెట్టలేదు. మాత్ర వేసుకున్నవారిలో ఒక్కరికీ గుండె బలం ఆ అధ్యయనం పెట్టుకున్న హద్దు దాటి పడిపోలేదు. వేసుకోనివారిలో 43 శాతానికి పడిపోయింది. ఎనలాప్రిల్ కొత్త మందేమీ కాదు, చౌకగా దొరికే పాత మందు.

మాకు వీటన్నిటికంటే ముఖ్యంగా తోచింది వారిదే 2010 నాటి అధ్యయనం. ఎర్ర మందు జాతి మందుల వలన గుండె బలహీనపడిన 201 మందికి వైద్యం చేశారు. మందు పూర్తయిన రెండు నెలల్లోపు గుండె వైద్యం మొదలైనవారిలో 64 శాతం మంది గుండె పూర్తిగా కోలుకుంది. ఆరు నెలలు దాటాక మొదలైనవారిలో పూర్తిగా కోలుకున్నవారు ఒక్కరూ లేరు. దగ్గు మందుతో, ఇన్‌హేలరుతో మన తల్లులు పోగొట్టుకుంటున్న నెలలు ఈ ఆరు నెలలే.

మరోవైపు మాట కూడా చెప్పాలి. 2023లో బ్రిటన్‌లో ఇలాగే ట్రోపోనిన్ చూసి, పెరిగినవారికి గుండె మాత్రలు ముందుగానే ఇచ్చి చూస్తే, ఇవ్వనివారికంటే ఆరు నెలలకు చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. ఆ రోగులు తీసుకున్న క్యాన్సర్ మందు మోతాదు మిలాన్ వారికంటే తక్కువ, వారి గుండెకు జరిగిన నష్టమూ స్వల్పమే. కాబట్టి ట్రోపోనిన్ కొంచెం పెరిగిందని ప్రతివారికీ మాత్రలు పోయడం సరికాదు. ఆ మాటకొస్తే ప్రతి విడతకూ ప్రతివారికీ ఈ పరీక్షలన్నీ చేయించాలని కూడా మేము చెప్పడం లేదు. 2022లో ఐరోపా గుండె వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా, చికిత్సకు ముందు ఈ రక్త పరీక్షలు గుండెకు ఎక్కువ ముప్పు ఉన్నవారికి తప్పక చేయాలని ఉంది. అంటే పెద్ద వయసువారు, బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు, పాత గుండె జబ్బు ఉన్నవారు, ఇంతకుముందే ఎర్ర మందు గానీ ఛాతీకి రేడియేషన్ గానీ తీసుకున్నవారు.

ఈ జాబితా చదివితే మన శ్రీకాకుళం జిల్లావారికి ఒక మాట తట్టాలి. కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఎన్ని ఇళ్ళు ఈ బాధ పడుతున్నాయో వేరే చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచింది అందుకే. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో, గుండెకు కొత్తగా ఏమీ కాకపోయినా, ట్రోపోనిన్, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రెండూ ఎప్పుడూ కొంత ఎక్కువగానే ఉంటాయి. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీని బయటకు పంపే పని చాలావరకు కిడ్నీలదే మరి.

ఇప్పుడు ఆలోచించండి. ఉద్దానంలోని ఒక కొబ్బరి రైతు భార్యకు రొమ్ము క్యాన్సర్ వచ్చి, మూడు విడతల మందు అయ్యాక మొదటిసారి రక్త పరీక్ష చేయిస్తే అంకె ఎక్కువ వచ్చింది. అది మందు వలన వచ్చిన పెరుగుదలా, కిడ్నీ వలన ఎప్పటినుండో ఉన్నదేనా? ఎంత గొప్ప డాక్టరైనా ఆ ఒక్క కాగితం చూసి చెప్పలేరు. మందు వలననే అనుకుంటే క్యాన్సర్ చికిత్స అన్యాయంగా ఆగిపోతుంది. కిడ్నీ వలననే అనుకుంటే గుండె అన్యాయమైపోతుంది. మొదటి విడతకు ముందే చేయించిన అంకె పక్కన ఉంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ముందు ఎంత, ఇప్పుడు ఎంత అని పోల్చవచ్చు. పాశ్చాత్య దేశాల్లో ఈ మొదటి పరీక్ష మంచి పద్ధతి అనుకుంటే, మన జిల్లాలో అది తప్పనిసరి అని మేము అనుకుంటున్నాము. మిగతా పరీక్షలన్నీ వదిలేసినా ఆ ఒక్కటి వదలకూడదు. దానితోపాటు ఒక ఈసీజీ, ఒక ఎకో, ఒక క్రియాటినిన్ కూడా ఉంటే డాక్టరుకు పూర్తి లెక్క చేతికి వచ్చినట్లే.

లాబు విషయంలో కొన్ని మాటలు. గుండెపోటు అనుమానంతో వస్తే చిన్న ఆసుపత్రుల్లో కార్డు మీద రక్తం చుక్క వేసి గీత పడిందా లేదా అని చూస్తారు. అది గుండెపోటుకు సరే, ఈ పనికి చాలదు. క్యాన్సర్ మందు చేసే గాయం మొదట్లో చాలా చిన్నది, కార్డు మీద గీత పడదు. అంకె ఇచ్చే పరీక్షే అడగండి, హై సెన్సిటివిటీ ట్రోపోనిన్ అంటే లాబువారికి తెలుస్తుంది. ట్రోపోనిన్‌లో ఐ అని, టి అని రెండు రకాలున్నాయి. విజయనగరంలో చేయించిన ఐ అంకెను విశాఖపట్నంలో చేయించిన టి అంకెతో పోల్చితే లెక్క తప్పుతుంది. ఒకే రకమైనా యంత్రం మారితే అంకె మారుతుంది. కాబట్టి మొదటిది ఎక్కడ చేయించారో తరువాతవీ వీలైనంతవరకు అక్కడే చేయించండి. రక్తం వేరే ఊరికి పంపి చేయించే చోట బీఎన్‌పీ కంటే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ మేలు. బీఎన్‌పీ గంటల్లోనే చెడిపోవడం మొదలవుతుంది, రెండవది ప్రయాణానికి ఓర్చుకుంటుంది.

ఖర్చు సంగతి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం రాష్ట్రంలో మొదట మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. 2024లో దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది గానీ జనం నోట ఇంకా ఆరోగ్యశ్రీయే. ఆ కార్డు వలన మన ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు పొలం అమ్ముకోకుండా క్యాన్సర్ చికిత్స చేయించుకున్నాయి. చికిత్స మొదలయ్యేముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను నేరుగా అడగండి: మా గుండె పరీక్షలు ఇందులోకి వస్తాయా, రాకపోతే మాకయ్యేది ఎంత? ముందే తెలిస్తే సర్దుకోవచ్చు. స్త్రీల సమాజంవారు రోగులకు పండ్లు, రొట్టెలు తీసుకువెళ్ళడం మంచి అలవాటే. ఒక్కోసారి పండ్లకు బదులు ఈ మొదటి పరీక్ష ఖర్చు పెట్టుకోగలరేమో ఆలోచించమని మా మనవి.

చికిత్స జరిగే చోటుకూ మనిషి ఉండే చోటుకూ మన దగ్గర దూరం ఎక్కువ. ఇచ్ఛాపురం నుండి అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి రెండు వందల కిలోమీటర్లకు పైనే. కొందరు ఆమదాలవలసలో రైలెక్కి వెల్లూరు సి.ఎం.సి.కి వెళ్తారు. మందు ఒక చోట, ఎకో ఒక చోట, ఆయాసం వచ్చినప్పుడు చూసే డాక్టరు మరొక చోట. ఈ ముగ్గురినీ కలిపేది రోగి సంచిలోని కాగితాలే. డిశ్చార్జి కాగితంలో ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని విడతలు అన్నది రాసి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అడిగి రాయించుకోండి. సెల్‌ఫోనులో ఫొటో తీసి పట్నంలో ఉన్న కొడుకుకో కూతురుకో కూడా పంపించి ఉంచండి. తుఫానుకు తడిసిన ఫైళ్ళు, చెదలు తిన్న ఫైళ్ళు మేము చాలా చూశాము.

చికిత్స ముగిశాక మొదటి సంవత్సరం ముఖ్యం. మిలాన్ డాక్టర్లే 2,625 మందిని ఎకోతో ఏళ్ళ తరబడి గమనించి 2015లో ప్రచురించిన దాని ప్రకారం 9 శాతానికి గుండె బలహీనపడింది, వారిలో 98 శాతానికి అది మొదటి సంవత్సరంలోనే బయటపడింది. కనుక ఎర్ర మందు తీసుకున్నవారు ఏడాదిలోపు ఒకసారి ఎకో తప్పక తీయించుకోవాలి. ట్రాస్టుజుమాబ్ తీసుకునేవారికి మందు నడుస్తుండగానే మూడేసి నెలలకు ఒకసారి కావాలి. ఈలోగా గుడి మెట్లెక్కుతుంటే కొత్తగా ఆయాసం వచ్చినా, రాత్రి రెండు దిండ్లు లేనిదే పడుకోలేకపోతున్నా, సాయంత్రానికి పాదాలకు నీరు పట్టినా, నాలుగు రోజుల్లో రెండు కిలోలు బరువు పెరిగినా, ఏడాది పరీక్ష కోసం ఆగకుండా వెంటనే రండి. వచ్చినప్పుడు ఫలానా మందు తీసుకున్నామని మీరే ముందు చెప్పండి. డాక్టరు అడిగేదాకా ఆగవద్దు.

ప్రార్థన చేస్తున్నాము, ఇన్ని పరీక్షలు అవిశ్వాసం కాదా అని అడిగే విశ్వాసులు కొందరున్నారు. ప్రార్థనా గదీ లాబూ మా ఆసుపత్రిలో ఒకే వరండాలో ఉన్నాయి. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే. ఇంతకంటే జవాబు మాకు తోచదు.

మరొక్క మాట, ఇది పిల్లల గురించి. చిన్నతనంలో రక్త క్యాన్సర్‌కు ఎర్ర మందు తీసుకొని బ్రతికి, ఇప్పుడు పెళ్ళీడుకు వచ్చిన ఆడపిల్లలు మన సంఘాల్లో ఉన్నారు. పిల్లల్లో ఈ మందు ప్రభావం ఇరవై ఏళ్ళకైనా బయటపడవచ్చు. గర్భం మోసేటప్పుడు, కాన్పు సమయంలో గుండె మీద భారం బాగా పెరుగుతుంది. సంబంధం చెడిపోతుందన్న భయంతో తల్లిదండ్రులు పాత జబ్బు మాట దాచిపెడతారు, కాగితాలు తగలబెట్టినవారు కూడా ఉన్నారు. వారి బాధ మాకు తెలుసు. పెళ్ళివారికి చెప్పాలా వద్దా అన్నది ఆ కుటుంబం, ఆ పిల్ల నిర్ణయించుకోవలసిన సంగతి. కాన్పు చేసే డాక్టరుకు మాత్రం చెప్పి తీరాలి. గర్భం నిలిచిందని తెలిసిన వెంటనే ఆ అమ్మాయికి ఒక ఎకో, ఒక బీఎన్‌పీ చేయించండి. అత్తవారింటి నుండి ఒంటరిగా వచ్చి అడిగినా మేము చేస్తాము, ఆ సంగతి మా గదిలోనే ఉంటుంది.